కాలువ కింద భూమి ఎవరిది: తైవాన్‌లో ఆరు రోజులు

మొదటి రోజు, తైపే

బయల్దేరే ముందు రోజు నాన్నకు ఫోన్ చేశాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి. "అంత దూరం ఏం చూడ్డానికి వెళ్తున్నావురా?" అన్నాడు. కాలువలు చూడ్డానికి అన్నాను. "కాలువలకైతే విజ్జేశ్వరం వెళ్తే సరిపోదా?" అని, వెంటనే తన గోడు మొదలుపెట్టాడు. ఆసామి ఈ ఏడు కౌలు ఎకరానికి రెండు బస్తాలు పెంచమంటున్నాడట. కాగితం మీద సంతకం మాత్రం పెట్టనంటున్నాడట.

ఆచంట దగ్గర మూడెకరాలు ముప్పై ఏళ్లుగా నాన్నే చేస్తున్నాడు. ఏడాదికి ఎకరానికి 35 బస్తాలు కట్టాలి. సార్వా దాదాపు మొత్తం ఆసామికే పోతుంది, దాళ్వాలో మిగిలిందే మాది. తుఫానుకు చేను పడిపోయినా ఆ లెక్క మారదు. కాగితం లేదు కాబట్టి బ్యాంకు అప్పు రాదు, నష్టపరిహారం వచ్చినా ఆసామి ఖాతాలో పడుతుంది. ఇందులో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నన్ను చాలా ఏళ్లుగా ఒక ప్రశ్న వదల్లేదు. తెల్లవాళ్లు మనల్ని ఏలారు. జపాన్‌వాళ్లు 1895 నుంచి 1945 దాకా తైవాన్‌ను ఏలారు. రెండు చోట్లా రైళ్లు వేశారు, ఆనకట్టలు కట్టారు, రెండు చోట్లా తమ లాభం కోసమే. మరి దొరలు వెళ్లిపోయాక ఆ ఊళ్లు ఎందుకంత మారాయి, మా ఊరు ఎందుకింత మెల్లగా కదిలింది?

మా అన్నయ్య కొడుకు షిన్‌చూలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. చైనీస్ బాగానే మాట్లాడతాడు. వాడే ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. సామాను హోటల్లో పడేసి నేరుగా 228 శాంతి పార్కుకు వెళ్లాం.

పార్కు పేరు ఒక తేదీ. 1947 ఫిబ్రవరి 28. జపాన్‌వాళ్లు వెళ్లి, దీవి చైనా ప్రభుత్వం చేతికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ముందురోజు సాయంత్రం, అనుమతి లేకుండా సిగరెట్లు అమ్ముకుంటున్న ఒక వితంతువును అధికారులు కొట్టారు. జనం తిరగబడ్డారు. చైనా నుంచి దిగిన సైన్యం వేల మందిని చంపింది. చదువుకున్నవాళ్లు, డాక్టర్లు, లాయర్లు, ఊళ్లలో పేరున్న పెద్దలు చాలామంది పోయారు. 1949లో పెట్టిన సైనిక శాసనం 1987 దాకా ఎత్తలేదు. పార్కులో ఉన్న మ్యూజియం ఒకప్పటి రేడియో స్టేషన్. లోపల గోడ నిండా చనిపోయినవాళ్ల ఫొటోలు. ఒక ముసలావిడ ఒక ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. మేం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

ఈ పార్కుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తైవాన్ భూసంస్కరణ గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ గోడను దాటేసి వెళ్తారు. రెండేళ్ల తర్వాత ప్రభుత్వం భూముల జోలికి వచ్చినప్పుడు భూస్వాములు నోరెత్తకపోవడానికి ఈ భయం కూడా ఒక కారణం.

రోడ్డు దాటితే ల్యాండ్ బ్యాంకు పాత భవనం. 1933లో జపాన్‌వాళ్ల బ్యాంకు కోసం కట్టింది. ఇప్పుడు మ్యూజియం అయింది, హాలంతా డైనోసార్ల అస్థిపంజరాలు. పిల్లలు వాటి మెడల కింద పరుగులు పెడుతుంటే మేం ఖజానా గది వైపు వెళ్లాం. ఇనుప తలుపు మందం చూసి మావాడు "బాబాయ్, ఇందులో బంగారం పెట్టేవాళ్లా?" అన్నాడు. బంగారం సంగతేమో గాని, తైవాన్ రైతుల తలరాత మార్చిన బాండ్లు ఈ బ్యాంకువే.

జరిగింది ఇది. 1949లో కౌలుకు హద్దు పెట్టారు, ప్రధాన పంటలో 37.5 శాతం మించకూడదని. అంతకుముందు సగం ఇవ్వడం మామూలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 1951లో జపాన్ వాళ్ల నుంచి సర్కారు చేతికి వచ్చిన భూమిని రైతులకు అమ్మడం మొదలుపెట్టారు. 1953లో దున్నేవాడికే భూమి అన్న చట్టం వచ్చింది. మధ్యరకం వరి భూమి ఏడెకరాల పైచిలుకు మాత్రం భూస్వామి దగ్గర ఉంచి, కౌలుకిచ్చిన మిగతాదాన్ని ప్రభుత్వం కొనేసింది. ధర, ఏడాది ప్రధాన పంటకు రెండున్నర రెట్లు. కౌలుదారు దాన్ని పదేళ్ల వాయిదాల్లో 4 శాతం వడ్డీతో కట్టుకోవాలి. భూస్వామికి 70 శాతం బాండ్లు, అవి కూడా బియ్యం, చిలగడదుంపల లెక్కన చెల్లించేవి. మిగతా 30 శాతానికి సిమెంటు, కాగితం లాంటి నాలుగు ప్రభుత్వ కంపెనీల షేర్లు ఇచ్చారు.

బాండ్లను ధాన్యం లెక్కన ఎందుకు పెట్టారో మావాడికి చాలాసేపు అర్థం కాలేదు. అప్పట్లో డబ్బు విలువ పూటపూటకీ పడిపోయేది, బస్తా మాత్రం బస్తాగానే ఉంటుంది అని చెప్పాను. కౌలు ఇప్పటికీ బస్తాల్లో మాట్లాడుకునే ఇంట్లో పుట్టినందుకు నాకది చప్పున తెలిసింది.

రెండో రోజు, షిన్‌చూ

ఇది కంప్యూటర్ చిప్పుల ఊరు. వాటి గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి ఇక్కడ ఎక్కువ ఆగను. 1973లో ప్రభుత్వం పారిశ్రామిక పరిశోధన సంస్థ పెట్టింది. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్పు తయారీ విద్య కొని, కుర్ర ఇంజనీర్లను అక్కడికి పంపి నేర్పించింది. 1980లో ఈ సైన్స్ పార్కు వచ్చింది. 1987లో మోరిస్ చాంగ్ నాయకత్వంలో చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీ కంపెనీ మొదలైనప్పుడు పెట్టుబడిలో పెద్ద వాటా ప్రభుత్వానిదే, తర్వాత ఫిలిప్స్‌ది.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆ కుర్ర ఇంజనీర్లు ఎక్కడి నుంచి వచ్చారు? చైనా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు కొందరు, ఇక్కడి పల్లెల పిల్లలు కొందరు. 1944 నాటికే తైవాన్‌లో బడి ఈడు పిల్లల్లో సుమారు 70 శాతం ప్రాథమిక బడికి వెళ్తున్నారు. జపాన్‌వాళ్లు దయతో పెట్టిన బడి కాదది. పిల్లల్ని జపనీయుల్లా మార్చడానికి పెట్టారు, పైచదువులూ పెద్ద ఉద్యోగాలూ తమవాళ్లకే ఉంచుకున్నారు. అయినా అక్షరం వచ్చింది. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఈ తేడాను తక్కువగా చూడకూడదు. 1968లో తైవాన్ నిర్బంధ విద్యను తొమ్మిదేళ్లకు పెంచింది. సొంత పొలం ఉన్న రైతు పిల్లాణ్ణి బడి మాన్పించి కూలికి పంపాల్సిన అవసరం అప్పటికే తగ్గింది.

రాత్రి మావాడి రూములో ఇద్దరు విజయవాడ కుర్రాళ్లు, ఒక కరీంనగర్ అమ్మాయి కలిశారు. పులిహోర కలిపారు. ఇంగువ కూడా దొరికింది.

మూడో రోజు, రైల్లో

హైస్పీడ్ రైల్లో తైనాన్ వెళ్లడానికి గంటన్నర కూడా పట్టదు. ఆ కాస్త సేపూ బాబాయ్‌కీ అబ్బాయికీ వాదనే.

"జపాన్‌వాళ్లు మంచిగా ఏలారు, ఇంగ్లీషువాళ్లు దోచుకున్నారు, అంతే కదా బాబాయ్" అన్నాడు. అంతే అయితే ఉత్తర కొరియా సంగతేంటి? దాన్నీ ఏలింది జపానే. పెద్ద కర్మాగారాలు, జలవిద్యుత్తు అన్నీ ఎక్కువగా ఉత్తరానే కట్టారు. ఏలినవాడు ఒక్కడే, తర్వాత దారులు వేరయ్యాయి.

"మరి ఫిలిప్పీన్స్?" అని వాడే అడిగాడు. అది మంచి ప్రశ్న. అమెరికా అక్కడ ఊరూరా బడి పెట్టింది. 1950ల్లో తైవాన్ కంటే ఫిలిప్పీన్సే ముందుందని లోకమంతా అనుకునేది. కానీ చెరకు తోటల కుటుంబాలు అమెరికా కాలంలో ఇంకా బలిసి, స్వాతంత్ర్యం వచ్చాక చట్టసభలో కూర్చున్నాయి. భూసంస్కరణ చట్టం వచ్చిన ప్రతిసారీ దానికి తూట్లు పొడిచాయి. సింగపూర్, హాంకాంగ్‌లను నేను ఈ లెక్కలోకి తీసుకోను. అవి రేవు పట్నాలు, పంచడానికి వాటికి చెప్పుకోదగ్గ పల్లెలు లేవు.

తైవాన్‌లో భూమి పంచింది చైనాలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయి వచ్చిన కొమింతాంగ్ పార్టీ. చైనాలో పల్లెలు చేజారడానికి భూమి గొడవే పెద్ద కారణమని వాళ్లకు తెలుసు. పైగా ఈ దీవిలో వాళ్లకు సెంటు భూమి లేదు, ఇక్కడి భూస్వాములు వాళ్ల చుట్టాలు కారు. మనకు భూమి చట్టాలు లేకనా? 1956లోనే ఆంధ్రలో కౌలుదారీ చట్టం వచ్చింది, 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. కానీ ఆ చట్టాలు అమలు చేయాల్సినవాళ్లు ఊళ్లో ఆసామి ఇంటికే భోజనానికి వచ్చేవాళ్లు.

వుల్ఫ్ లాడెజిన్‌స్కీ అని ఒకాయన ఉన్నాడు. జపాన్ భూసంస్కరణలో పనిచేశాడు, తైవాన్‌కు సలహా ఇచ్చాడు, మన దేశానికీ వచ్చాడు. 1960ల్లో మన ప్యాకేజీ జిల్లాల్లో, అంటే పంట పెంచడానికి విత్తనం, ఎరువు, అప్పు కలిపి ఇచ్చిన జిల్లాల్లో, కౌలుదార్ల స్థితి చూసి ప్రణాళికా సంఘానికి రిపోర్టు రాశాడు. పశ్చిమ గోదావరి ఆ ప్యాకేజీ జిల్లాల్లో ఒకటి. అదే మనిషి మాట ఒక చోట చట్టమై పొలంలోకి దిగింది, ఇంకో చోట ఫైల్లో ఉండిపోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

నాలుగో రోజు, వూషాన్‌తౌ

తైనాన్ నుంచి పాసింజరు రైల్లో లుంగ్‌తియెన్ వచ్చి, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకున్నాం. గట్టు ఎక్కగానే నాకు ధవళేశ్వరం కనిపించింది. పోలికల వల్ల కాదు. గోదావరి మీద రాతి ఆనకట్ట ఉండేది, ఇక్కడ 1,273 మీటర్ల పొడవున మట్టి, రాయి పోసిన కట్ట. పచ్చగా గడ్డి పట్టింది. వెనక చెరువు కొండల మధ్య వేళ్లు చాచినట్టు పాకింది. కానీ గాలిలో ఆ నీటి వాసన, కింద లాకుల దగ్గర ఆ హోరు అచ్చంగా మావే.

దీన్ని కట్టినాయన హత్తా యోయిచి. 1886లో జపాన్‌లోని కనజావాలో పుట్టాడు. 1920లో పని మొదలై 1930లో పూర్తయింది. చియానాన్ మైదానంలో సుమారు లక్షన్నర హెక్టార్లకు నీరు, ఇచ్చే కాలువలూ మురుగు కాలువలూ కలిపి 16,000 కిలోమీటర్లు. అంత నేలకు ఒకేసారి నీళ్లు చాలవు కాబట్టి మూడేళ్ల వంతు పెట్టాడు. ఒక ఏడు వరి, ఒక ఏడు చెరకు, ఒక ఏడు మెట్ట పంట. మా కాలువ చివరి ఊళ్లకు ఇలాంటి వంతు ఎవరైనా నిజాయితీగా పెట్టి ఉంటే ఎంత బాగుండేదో!

చెట్ల కింద ఆయన విగ్రహం ఉంది. మా వైపు కాటన్ దొర గుర్రం మీద కూర్చుంటాడు, పూలదండ వేయాలంటే నిచ్చెన కావాలి. ఈయన నేల మీద కూర్చున్నాడు. పనివాడి బట్టలు, కాళ్లకు బూట్లు. ఒక మోకాలు పైకి లేపి, దాని మీద మోచెయ్యి ఆనించి, వేళ్లు జుట్టులో పెట్టుకుని ఏదో ఆలోచిస్తున్నాడు. ఎదురుగా తను కట్టిన నీళ్లు. మెడ చుట్టూ అతుకు కోసం వెతికాను, కనపడలేదు. 2017 ఏప్రిల్‌లో తైపే మాజీ కౌన్సిలర్ ఒకాయన వచ్చి ఈ విగ్రహం తల కోసేశాడు. మే 8న జరిగే సంస్మరణకు ముందే మళ్లీ అతికించారు. 1942 మే 8న హత్తా ఎక్కిన ఓడను అమెరికా జలాంతర్గామి ముంచింది. జపాన్ ఓడిపోయాక 1945 సెప్టెంబరు 1న ఆయన భార్య ఇక్కడే ఈ నీటి తూము దగ్గర దూకి ప్రాణం తీసుకుంది.

దగ్గర్లో ఇంకో రాయి ఉంది. పనిలో చనిపోయిన 134 మంది పేర్లు దాని మీద చెక్కారు. జపాన్‌వాడు, తైవాన్‌వాడు అని వేరు చెయ్యకుండా చనిపోయిన వరుసలో రాశారు. మావాడు ఒక్కొక్క పేరూ చదివి చెప్తుంటే విన్నాను. మన ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు. రాళ్లు మోసి అక్కడే పోయిన కూలీల పేర్లు ఇలా ఏ రాతి మీదా నేను చదవలేదు.

అలాగని ఈ కాలువను పుణ్యకార్యంగా చూడకూడదు. నీళ్లు వచ్చాయి సరే, చెరకు ఎవరికి అమ్మాలి? ఒక్కో ప్రాంతం ఒక్కో జపాన్ చక్కెర కంపెనీకి రాసిచ్చారు. ధర కంపెనీదే, తూకం కంపెనీదే. "మొట్టమొదటి వెర్రివాడు ఎవరంటే, చెరకు పండించి కంపెనీ చేత తూకం వేయించుకునేవాడు" అని ఇక్కడి రైతుల సామెత. 1925లో అర్లిన్ అనే చోట చెరకు రైతులు ఎదురు తిరిగితే పట్టుకుని జైల్లో వేశారు. తెల్లదొర కాలువ, జపాన్ దొర కాలువ రెండూ రైతు కడుపు కోసం తవ్వినవి కావని నాకు గట్టు మీద నిలబడ్డాక ఇంకా గట్టిగా అనిపించింది.

ఐదో రోజు, గ్వాన్‌తియెన్ పొలాల్లో

ఈ రోజు కోసమే నేను వచ్చింది. మా టాక్సీ ఆయన తన మేనమామ దగ్గరికి తీసుకెళ్లాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ ప్రాంతంలో వరితో పాటు నీళ్లలో పెరిగే ఒక కాయ ఉంది, నల్లగా, రెండు కొమ్ములతో బుల్లి దున్నపోతు తలలా ఉంటుంది. ఉడకబెట్టి రోడ్డు పక్క అమ్ముతారు. ఆయన వాకిట్లో ఒక పళ్లెం పెట్టి, కొమ్ముల మధ్య ఎక్కడ కొరకాలో చూపించాడు. రుచి ఉడికిన పనసగింజ లాగే ఉంది.

పొలం రెండెకరాలు. గట్టు పక్కనే సిమెంటు బోదె, దానికి చేతి చక్రంతో తిప్పే చిన్న ఇనుప తలుపు. ఆయన దాన్ని రెండు చుట్లు తిప్పాడు. కింద నుంచి నీరు నాలుక చాచినట్టు మడిలోకి పాకింది. ముందు ఎండిన గడ్డి తేలింది, తర్వాత పురుగులు బయటికి వచ్చాయి, వెంటనే ఎక్కడి నుంచో రెండు తెల్ల కొంగలు దిగాయి. మా నాన్న బోదెకు పారతో గండి కొట్టినప్పుడు జరిగేది అచ్చు ఇదే.

వాళ్ల నాన్న కౌలుదారు. 1953లో ఆయనకు ఏడేళ్లు. పొలం తమదైన రోజు బాగా గుర్తుందా అని అడిగించాను. ఆ రోజు గుర్తు లేదట. గుర్తున్నది ఆ తర్వాతి చలికాలం. నాన్నా అమ్మా కలిసి పొలంలో ఒక మూల మెరకను తట్టలతో ఎత్తి పల్లంలో పోశారట, రెండు నెలలు. "అంతకుముందు ఎందుకు చెయ్యలేదు?" అంటే నా వైపు వింతగా చూశాడు. "వచ్చే ఏడు మాది అవునో కాదో తెలియని నేల" అన్నాడు.

నేను వెంటనే మా మూడెకరాల ఈశాన్యం మూల తలుచుకున్నాను. అక్కడ నీరు నిలిచి ప్రతి ఏడూ నారు కుళ్లుతుంది. ముప్పై ఏళ్లుగా నాన్నకు తెలుసు. ముప్పై ఏళ్లుగా దాన్ని ఎవరూ ఎత్తలేదు.

ప్రభుత్వం రైతుకు ఊరికే పెట్టలేదు. ఎరువు కావాలంటే ధాన్యం ఇచ్చి తెచ్చుకోవాలి, ఆ లెక్క ఎప్పుడూ ప్రభుత్వానికే లాభం. 1973 దాకా అదే పద్ధతి. ఆ బియ్యంతో సైన్యం తిన్నది, ఊళ్లలోంచి పిండిన ఆ మిగులే పరిశ్రమకు పోయింది. 1951 నుంచి 1965 దాకా అమెరికా సాయం వేరే ఉంది. "నాన్న తిట్టుకునేవాడు. కానీ ఎరువు వేస్తే పంట పెరిగేది, పెరిగినదాంట్లో మాకూ మిగిలేది" అన్నాడు. ఆ మిగిలినదాంతో కుట్టుమిషను కొన్నారు, తర్వాత సైకిలు. ఊళ్లో అందరూ కొన్నారు. వస్తువులు తయారుచేసేవాళ్లకు కొనేవాళ్లు పక్క ఊళ్లోనే దొరికారు.

మేం వరి రైతులమని చెప్పాక ముఖం విప్పారింది. తైవాన్ పొట్టి వరి నుంచి పుట్టిన తైచుంగ్ నేటివ్-1 మన దేశానికి 1960ల మధ్యలో వచ్చింది. ఐఆర్-8 అనే వరి రకంలోనూ ఆ పొట్టి వరి అంశే ఉంది. దాన్ని 1967లో మా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేల ఎకరాల్లో వేయించి ఐఆర్-8 సుబ్బారావు అనిపించుకున్నారు. ఇదంతా మావాడు చెప్తుంటే పెద్దాయన "మా విత్తనం మీ ఊరు వచ్చిందా!" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. విత్తనం సముద్రం దాటి మా ఊరు వచ్చేసింది. మెరకను ఎత్తుకునే ధైర్యం ఇచ్చే కాగితం ఇంకా రాలేదు.

ఆయన కొడుకు తైనాన్ సైన్స్ పార్కులో పనిచేస్తాడు. 2021లో కరవు వచ్చినప్పుడు చిప్పు ఫ్యాక్టరీలకూ ఊళ్లకూ నీరు చాలదని ప్రభుత్వం 74,000 హెక్టార్లకు సాగునీరు ఆపేసింది. పరిహారం ఇచ్చారు, ఈయనకూ వచ్చింది. "డబ్బు వచ్చింది గానీ, నారు పొయ్యకుండా ఆ కాలం ఎలా గడపాలో తెలియలేదు" అన్నాడు. ఆ తలుపు చక్రం మీద చెయ్యి పెట్టుకునే మాట్లాడాడు. తర్వాత ఈ పొలం ఎవరు చేస్తారని నేను అడగలేదు.

ఆరో రోజు, కావ్‌షుంగ్

పెద్దాయన చెల్లెలు పదహారేళ్లప్పుడు కావ్‌షుంగ్ వెళ్లి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరింది. 1966లో ఇక్కడ ఎగుమతుల కోసం ప్రత్యేక మండలం తెరిచారు. మనవాళ్లు గుజరాత్‌లో కాండ్లా మండలాన్ని 1965లోనే తెరిచారు, అంటే ఏడాది ముందు. గీత గీసి కంచె వేయడంలో మనమేం వెనకపడలేదు. కానీ కావ్‌షుంగ్‌కు తైవాన్ పల్లెల నుంచి చదవడం వచ్చిన ఆడపిల్లలు వేల మంది వచ్చారు, రేవు పక్కనే ఉంది, 1958 నుంచే ప్రభుత్వం ఎగుమతుల దారి పట్టింది. మన దేశం ఆ రోజుల్లో చూపు లోపలికి తిప్పుకుని ఉంది.

సాయంత్రం ఫెర్రీలో చిజిన్ దీవికి దాటాం. అక్కడ మహిళా కార్మికుల స్మారక ఉద్యానం ఉంది. 1973 సెప్టెంబరు 3 పొద్దున్నే, మనుషులు కిక్కిరిసిన పడవ ఒకటి ఇక్కడి నుంచి ఫ్యాక్టరీల వైపు వెళ్తూ మునిగిపోయింది. మండలంలో పనిచేసే 25 మంది పోయారు. అందరూ పెళ్లి కాని అమ్మాయిలు. చాలా ఏళ్లు దీన్ని పాతికమంది కన్యల సమాధి అనేవారు, 2008లో కార్మికుల పేరు పెట్టారు. తైవాన్ అద్భుతం అని రాసేటప్పుడు ఈ పాతికమందిని కూడా లెక్కలో వెయ్యాలి.

గట్టు మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం. పెద్దాయన గురించి, ఇనుప తలుపు గురించి చెప్పాను.

"కౌలు ఎంతట అక్కడ?" అన్నాడు.

"2000కు ముందు నుంచి ఉన్న కౌలుకు చట్టం ప్రకారం నూటికి ముప్పై ఏడున్నర. అంతకు మించి అడగడానికి లేదు. పంట పోతే తగ్గించాలి."

"నోటి మాటేనా?"

"కాదు నాన్నా. కాగితం రాసుకోవాలి. ఆరేళ్లకు తక్కువ రాయకూడదు."

అవతల నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. పక్కన ఎవరో మోటారు వేసిన చప్పుడు.

"ఆరేళ్లా" అన్నాడు నాన్న. "ఆరేళ్లంటే ఆ ఈశాన్యం మూల ఎత్తేయొచ్చురా."